సిలిండర్ హెడ్డు ఎంపికకు ప్రమాణమేది?

ఏటేట ఆగస్టు మాసమున మూడవ శనివారమునాడు, అమెరికా దేశపు మిచిగన్ రాష్ట్రమున, డెట్రాయిట్ నగరపు పొలిమేరనున్న ఫెర్న్‌డేల్ మొదలుకొని పాంటియాక్ వరకు గల వుడ్‌వర్డ్ అవెన్యూ రాజమార్గము మీద వేలకొలది పాతకార్లు బారులుదీరి మెల్లగా సాగిపోవుచుండును. 1995లో ఆరంభమైన ఈ ఉత్సవమును చూడవచ్చువారిలో, ఆ చుట్టుపట్ల ట్రాయ్, నోవై మున్నగు పట్టణములలో స్థిరపడి కార్ల పరిశ్రమలో పనిచేయుచున్న మన తెలుగువారును కొందరుందురు. వారిలో ఒకరిద్దరు చూచుటతో తృప్తిపడక, తామును ఒక పాతబండిని సంపాదించి, సెలవుదినములన్నియు గ్యారేజీలో దాని క్రిందనే గడుపుచుందురు. అట్టి మిత్రుడొకనికి దాపుననుండి, ఆయన పడిన శ్రమను, చేసిన వ్యయమును కన్నులార చూచినవాడనగుటచేత, ‘బిగ్ బ్లాక్’ అని పిలువబడు పెద్ద వి-8 ఇంజనుకు బయటి తయారీదారుల సిలిండర్ హెడ్డులను కొనువారు తరచుగా చేయుచున్న ఒక పొరపాటును గూర్చి నా అభిప్రాయమును పాఠకుల ముందుంచదలచితిని.

హెడ్డు దించుట, వాల్వులు గ్రైండింగు చేయించుట అను మాటలు మన లారీ మెకానిక్కుల నోట నిత్యము వినబడునవే. సిలిండరు నెత్తిన మూతవలె బిగింపబడు ఆ లోహఖండములోనే గాలియు పెట్రోలును లోనికి వచ్చు దారులు, కాలిన పొగ వెడలిపోవు దారులు, వాటిని తెరచుచు మూయుచుండు వాల్వులు, ఇంధనము మండెడి గది, అన్నియు అమరియుండును. అడుగునున్న బ్లాకు ఎంత పెద్దదైనను, దాని శక్తి ఎంతవరకు బయటపడవలయునో నిర్ణయించునది ఈ హెడ్డే యనుటలో అతిశయోక్తి లేదు. షెవర్లే కంపెనీవారు 1965లో 396 ఘనపుటంగుళముల పరిమాణముతో వెలువరించి, మరుసటి యేట 427కును, 1970లో 454కును పెంచిన మార్క్ ఫోర్ ఇంజనును ఉదాహరణముగా గైకొందము. దీని వాల్వులు ఒకే వరుసలో తిన్నగా నిలువక, ఒక్కొక్కటి ఒక్కొక్క వైపునకు వాలియుండుటచే, నాటి మెకానిక్కులు దీనికి ‘ముళ్ళపంది’ అని ముద్దుపేరు పెట్టిరి. ఈ ఇంజను హెడ్డులు ప్రధానముగా రెండు జాతులు: గాలిదారి నోరు కోడిగ్రుడ్డు ఆకారమున నుండు ‘ఓవల్ పోర్టు’ ఒకటి, దీర్ఘచతురస్రాకారమున నుండు ‘రెక్టాంగ్యులర్ పోర్టు’ రెండవది. మొదటిది చిన్నది, రెండవది పెద్దది. వివాదమంతయు ఈ రెంటి నడుమనే యున్నది.

పెద్ద ఇంజనుకు పెద్ద దారి కావలయునని తోచుట సహజమే. కాని ఆ ఇంజనును సృష్టించినవారే ఏమి చేసిరో చూడుడు. 1970వ సంవత్సరపు షెవెల్ కారులో 454 ఇంజనును రెండు రూపములుగా అమ్మిరి. ఎల్‌ఎస్5 అనుదానికి ఓవల్ పోర్టు హెడ్డులు, 10.25 కంప్రెషను (సిలిండరులో మిశ్రమమును నొక్కు నిష్పత్తి), 360 హార్స్ పవరు. ఎల్‌ఎస్6 అనుదానికి రెక్టాంగ్యులర్ పోర్టు హెడ్డులు, 11.25 కంప్రెషను, వాల్వులను తెరచు మరింత తీవ్రమైన కామ్ షాఫ్టు, 450 హార్స్ పవరు. ఈ 90 హార్స్ పవరుల అంతరము మాత్రమే లోకము కంటబడినది. ఎల్‌ఎస్6 పేరు నేటికిని పురాణపురుషుని పేరువలె ఉచ్చరింపబడుచున్నది. కాని ఆ ప్రక్కనే ముద్రింపబడిన టార్కు సంఖ్యను చదివినవారు అరుదు: రెండు ఇంజన్లకును అది 500 పౌండు-అడుగులే! పైగా ఎల్‌ఎస్5 దానిని నిమిషమునకు 3,200 చుట్లకే అందుకొనగా, ఎల్‌ఎస్6 అందుకొనుటకు 3,600 చుట్లు కావలసివచ్చినది. కంప్రెషను ఒక అంకె అధికముగా నుండియు, కామ్ షాఫ్టు తీవ్రమైనదయ్యును, వీధిలో బండిని ముందుకు నెట్టునట్టి ఆ బలము ఒక్క పౌండైనను పెరుగలేదు. అధికముగా వచ్చిన శక్తియంతయు 5,600 చుట్ల యొద్ద, అనగా పందెగాడు తప్ప ఇతరులు అరుదుగా చేరుకొను ఎత్తున దొరకినది. షెవర్లేవారు పెద్ద పోర్టులను ఎల్78, ఎల్88 వంటి పందెపు ఇంజన్లకు కేటాయించి, తక్కిన కొనుగోలుదారులందరికిని ఓవల్ పోర్టులనే ఇచ్చుట పిసినిగొట్టుతనము కాదని నా దృఢవిశ్వాసము.

దీనికి కారణము డెల్టా ప్రాంతమున పుట్టి పెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ వెడల్పు పెరిగినకొలది, వచ్చు నీరు అంతే యైనప్పుడు, ప్రవాహవేగము సన్నగిల్లును. వేగము సన్నగిల్లగానే నీటిలో తేలివచ్చుచున్న ఒండ్రు అడుగున పేరుకొనును. గాలిదారిలోను జరుగునది ఇదియే. కార్బురేటరు విడిచిన పెట్రోలు తుంపరలను మోసికొని పోవునది గాలి వేగమే. ఆ వేగము తగ్గెనా, తుంపరలు దారి గోడలకంటి, చెమ్మయై జారి, ఒక సిలిండరుకు ఎక్కువగాను, మరియొకదానికి తక్కువగాను చేరును. అంతియేకాదు. పిస్టను అడుగునకు దిగి మరల పైకి లేవ నారంభించిన పిదపగాని లోపలి వాల్వు పూర్తిగా మూసికొనదు; ఆ స్వల్పకాలమున, వేగముగా వచ్చుచున్న గాలి తన ఊపుచేతనే ఇంకను కొంత లోనికి చొరబడును, మందముగా వచ్చుచున్న గాలియో, పైకి వచ్చు పిస్టను త్రోపుడునకు లొంగి వెనుకకు మరలును. పోర్టు పరిమాణమును ఘన సెంటీమీటర్లలో చెప్పుట వాడుక. నేడు అమ్మకమునకు లభించు ఓవల్ పోర్టు అల్యూమినియం హెడ్డులలో 265 పరిమాణము గలదానిని, రెక్టాంగ్యులర్ పోర్టులలో 315 పరిమాణము గలదానిని ప్రక్కప్రక్కన నుంచి చూతమేని, దారి పొడవు ఇంచుమించు సమానమే గనుక, అదే గాలికి రెండవదానిలో వేగము సుమారు ఆరవ వంతు తగ్గును. వీధిలో ఇంజను తిరుగు 2,000 మొదలు 4,000 చుట్ల నడుమ ఈ ఆరవ వంతు స్వల్పమైన నష్టము కాదు.

అయినను జనులేల పెద్దదానికై ఎగబడుచున్నారు? ప్రకటనలలోని ఒక్క సంఖ్యయే కారణమని నేను తలచుచున్నాను. హెడ్డును ఫ్లో బెంచ్ అను యంత్రముపై నిలిపి, 28 అంగుళముల నీటిమట్టమునకు సమానమైన పీడనభేదముతో గాలిని పీల్చి, నిమిషమునకు ఎన్ని ఘనపుటడుగులు సాగినదో కొలుతురు. వాల్వును ముప్పాతిక అంగుళమునకు మించి తెరచినప్పుడు వచ్చిన అత్యధిక సంఖ్యను పెద్దయక్షరములతో ముద్రింతురు. కాని వీధిబండి కామ్ షాఫ్టు వాల్వును తెరచునది సామాన్యముగా అర అంగుళము మొదలు అంగుళములో పదింట ఆరు వంతుల వరకే. కావున ఆ గొప్ప సంఖ్య యొద్దకు ఆ ఇంజను జన్మలో చేరదు. మరియు వాల్వు ప్రతి ఆవృత్తియందును నడిమి ఎత్తులను తెరచుకొనునప్పుడొకసారి, మూసికొనునప్పుడొకసారి, రెండుమారులు దాటును. శిఖరమును ఒక్కమారే తాకును. అందుచేత 0.300, 0.400, 0.500 అంగుళముల యొద్ద వచ్చిన ప్రవాహమే చూడదగినది. కొలత తీసినప్పుడు హెడ్డు క్రింద నుంచిన సిలిండరు వ్యాసమెంతో కూడ అడుగవలయును: నాలుగున్నర అంగుళముల బోరు మీద సాధించిన సంఖ్య 4.25 అంగుళముల 454 మీద రాదు, 4.094 అంగుళముల 396 మీద అసలే రాదు, ఏలయన పెద్ద వాల్వు అంచు సిలిండరు గోడకు మరీ దగ్గరయై గాలికి అడ్డుపడును. ఈ వివరములన్నిటిని పట్టికగా ముద్రింపనివారి యొద్ద సరకు కొనకుండుట ఉత్తమమని నిస్సంకోచముగా చెప్పెదను. ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు, పోర్టు ప్రవాహమున ప్రతి ఘనపుటడుగునకు సుమారు రెండు హార్స్ పవరులు లభింపగలవని పనివారిలో ఒక లెక్క గలదు. ఆ లెక్కన 300 ఘనపుటడుగులు సాగు హెడ్డు 600 హార్స్ పవరుల వరకు చాలును. నేటి మేలైన ఓవల్ పోర్టు హెడ్డులు దానిని దాటుచున్నవి. నాటి కంపెనీ రెక్టాంగ్యులర్ హెడ్డులను సైతము మించుచున్నవి.

‘ఇప్పుడు 454 అయినను, మున్ముందు పెద్ద ఇంజను కట్టుదును గదా, అప్పటికి పనికివచ్చును’ అని కొందరు సమర్థించుకొందురు. ఎదిగెడి పిల్లవానికి చొక్కా వదులుగా కుట్టింపవచ్చును గాని, ఇనుము ఎదుగదు. నాలుగున్నర అంగుళముల బోరు, 4.25 అంగుళముల స్ట్రోకుతో 540 ఘనపుటంగుళముల ఇంజనును నిజముగా కట్టి, 6,500 చుట్లు దాటించి పందెమునకు దింపువానికి రెక్టాంగ్యులర్ పోర్టే తగినది. వానితో నాకు వివాదము లేదు.

పోర్టును గూర్చి ఇంత తర్కించువారు కూడ దహనగది పరిమాణమును మరచుట నాకు మరింత విచారము కలిగించు విషయము. 454లో ఒక్కొక్క సిలిండరు పిస్టను చలనమున ఊడ్చు పరిమాణము 930 ఘన సెంటీమీటర్లు. చదునైన పిస్టను, సామాన్యమైన గాస్కెటు ఉన్నవనుకొన్నచో, 119 ఘన సెంటీమీటర్ల గది గల హెడ్డుతో కంప్రెషను 7.8 మాత్రమే వచ్చును. గదిని 100కు తగ్గించినచో 8.9 అగును. పోర్టులో ఎన్ని ఘనపుటడుగులు సాగినను, 7.8 కంప్రెషనుతో ఆ ఇంజను నిద్రమత్తు వదలదు. మరల, పాత ఇంజనులో గుమ్మటము వలె ఉబ్బిన పిస్టనులున్నచో, విశాలముగా తెరచిన (‘ఓపెన్’) గదికై చేసిన ఆ గుమ్మటము ఇరుకుగా మూసిన (‘క్లోజ్డ్’) గది గల హెడ్డును ఢీకొనవచ్చును. కావున హెడ్డు కొనుటకు ముందు తన పిస్టను ఏదియో తెలిసికొనని వాడు, పెండ్లికూతురి ఊరు తెలియకయే లగ్నము పెట్టించుకొన్నవానితో సమానుడు.

అల్యూమినియమా, పోతయినుమా అనునది పెద్ద సమస్య కాదు. అల్యూమినియము జతకు సుమారు 60 పౌండ్లు తేలిక, వేడిని త్వరగా బయటికి పంపును, పగిలినను వెల్డింగుతో బాగుపడును. డబ్బున్నవారు దానినే కొనుట మంచిది. 1970కి ముందటి పోతయినుప హెడ్డులలో వాల్వు సీట్లు సీసము కలిపిన పెట్రోలును నమ్ముకొన్నట్టివి. వానిని వాడదలచినవారు గట్టి సీట్లు పొదిగించుకొనవలయును. ఇక 1991లో వచ్చిన ఐదవ తరపు బ్లాకులలో నీటిదారులు మార్చబడినవి. వానిపై మార్క్ ఫోర్ హెడ్డు బిగించువారు తగిన గాస్కెట్లు వేయకున్నచో నీరు లోపలికి కారి ఇంజను చెడును.

నా మిత్రుని సంగతి చెప్పి ముగింతును. ఆయన ప్రకటనలోని శిఖరసంఖ్యను నమ్మి, తన షెవెల్ కారులోని, సాధువైన కామ్ షాఫ్టు గల 454కు రెక్టాంగ్యులర్ పోర్టు హెడ్డులను తెప్పించెను. 3,000 చుట్లు దాటువరకు బండి బరువుమోయు ఎద్దువలె కదలెడిది. ఒక సంవత్సరము కార్బురేటరును, మరియొక సంవత్సరము ఇగ్నిషనును దోషిగా నిలిపి సవరించెను. తుదకు ఒక వృద్ధుడైన మెషిన్ షాపు యజమాని ఇంజనును చూచి, గేరు నిష్పత్తి ఎంత, బండి బరువెంత, ఏ వేగమున నడపుదువు, అను మూడు ప్రశ్నలడిగి, ఓవల్ పోర్టు హెడ్డులు వేయుమనెను. క్రొత్తవి వచ్చిన పిదప, వానినైనను తిన్నగా బిగింపనీయక, విప్పించి, వాల్వు గైడ్ల సందు, సీట్ల గుండ్రదనము, స్ప్రింగుల ఎత్తు కొలిపించి, ఒక గైడులో మిగిలిపోయిన లోహపు రజమును కడిగించెను. గత ఆగస్టులో ఆ షెవెల్‌లో నేనును కూర్చుంటిని. బర్మింగ్‌హామ్ పట్టణము దాటిన పిమ్మట, దారి కొంచెము ఖాళీ కాగా, మిత్రుడు పెడలును సగము మాత్రమే నొక్కెను. చుట్ల ముల్లు 2,000 మీద నున్నది. వీపు సీటునకు ఆనుకొన్నది.