యంత్రం చదువుతుంది సరే, కాగితాలేవి?

ఏఐ అన్న మాట వినని రోజు లేదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు, విశాఖలో గూగుల్ డేటా సెంటర్ అంటున్నారు, ఏ చేలో ఏ మందు ఎంత కొట్టాలో ఇక యంత్రమే చెబుతుందంటున్నారు. మంచిదే. అయితే ఈ కృత్రిమ మేధను ప్రభుత్వాన్నీ కంపెనీలనూ నిలదీసేవాళ్ళు కూడా వాడుకోవచ్చన్న మాట మాత్రం ఏ మంత్రి నోటా రాదు. పరిశోధనాత్మక జర్నలిజంలో దాని వాడకం ఇప్పటికే చాలా దూరం పోయింది. అది పట్నం విలేకరుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కృష్ణా డెల్టాలో కాలువ నీళ్ళు ఎంత ముఖ్యమో, కంప్యూటర్‌లో మన పేరు ఎలా ఎక్కిందన్నదీ ఈరోజు అంతే ముఖ్యం.

ఇదివరకు అక్రమం దాచాలంటే కాగితం మాయం చేసేవారు. ఇప్పుడు లక్ష కాగితాల మధ్య పడేస్తున్నారు. అడిగితే అన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయంటారు. ఒక మనిషి కూర్చుని ఏడాది చదివినా తరగవు. 2016లో పనామా పత్రాలు బయటపడ్డప్పుడు అవి కోటీ 15 లక్షలు. ప్రపంచమంతటా 370 మందికి పైగా విలేకరులు కలిసి, కాగితాలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ సాయంతో వాటిని జల్లెడ పట్టారు. ఆ తర్వాత సాధనాలు ఇంకా ముదిరాయి. అమెరికాలోని షికాగోలో తప్పిపోయిన మనుషుల ఫిర్యాదులను పోలీసులు ఎలా గాలికొదిలారో రాసిన కథనాలకు 2024లో పులిట్జర్ బహుమతి వచ్చింది. పోలీసుల మీద వచ్చిన వేల ఫిర్యాదుల్లోంచి కావలసినవి ఏరడానికి వాళ్ళు యంత్రాన్ని వాడారు. దానికి ఏది నిర్లక్ష్యమో నేర్పింది మాత్రం ఫైళ్ళు చేత్తో చదివిన మామూలు జనం. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర ఇసుక సంగతే తీసుకుందాం. కృష్ణలో అడ్డూ అదుపూ లేని తవ్వకాలను ఆపలేదని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, ఇసుక విధానాలు మారాయి. బ్యారేజీ దిగువన లంక రైతుకు గట్టు కోసుకుపోతుందన్న దిగులు మాత్రం మారలేదు. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి మన నది ఫొటో తీస్తాయి. ఎవరికైనా ఉచితం. ఉక్రెయిన్‌లో కొందరు విలేకరులు 2018లో ఇలాంటి ఫొటోలనే యంత్రానికి చూపించి, అడవుల్లో దొంగచాటుగా అంబరు తవ్విన గుంతలన్నీ పట్టుకున్నారు. మన నదికీ అది చేయొచ్చు. వానాకాలం మబ్బు పడితే ఆ ఉపగ్రహమూ గుడ్డిదే, పది మీటర్ల కంటే చిన్న గుంత దానికి ఆనదు. అయినా ఏ రేవులో, ఏ నెల నుంచి తవ్వుతున్నారో చెబుతుంది. తవ్విందెవరో చెప్పదు. దానికి అనుమతి ఇచ్చిన హద్దులు, వే బిల్లులు గనుల శాఖ ఇవ్వాలి, లారీ ఎటు పోయిందో ఊరు చెప్పాలి.

ధాన్యం సంగతీ అంతే. ఒక మండలంలో ఈ-పంటలో ఎక్కిన వరి ఎకరాలు ఎన్ని, ఆ మండలం పేరున కొన్న ధాన్యం ఎంత, ఏ మిల్లుకు వెళ్ళింది, డబ్బు ఎవరి ఖాతాలో పడింది? ఈ నాలుగు లెక్కలూ నాలుగు చోట్ల ఉంటాయి. పక్కపక్కన పెడితే ఎకరానికి పండేదానికంటే ఎక్కువ అమ్మిన పేర్లు గంటలో తేలతాయి. కౌలు రైతు సాగు చేస్తే భూస్వామి ఖాతాలో నష్టపరిహారం పడిన కేసులూ తేలతాయి. డెల్టాలో సగం కష్టం కౌలు రైతుదే. ఈ లెక్క ఒక్కటి జిల్లా మొత్తానికి తీసిన పత్రిక ఉంటే దానికి మేమే చందాలు కట్టిస్తాం.

ఇంత మేలు చెబుతున్నాం కదా అని యంత్రం చెప్పిందల్లా అచ్చు వేయమని కాదు. విజయవాడలోని ఒక జూనియర్ సివిల్ కోర్టు 2025 ఆగస్టులో ఒక ఆస్తి తగాదాలో ఉత్తర్వు ఇస్తూ నాలుగు పాత తీర్పులను ఉదహరించింది. ఆ నాలుగూ ఎక్కడా లేవు, ఏఐ పుట్టించినవి. సంగతి హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరి, అక్కడ గట్టిగా మొట్టికాయలు పడ్డాయి. న్యాయం చదువుకున్నవాళ్ళనే బోల్తా కొట్టించిన సాధనం, డెస్కులో రాత్రి పదకొండింటికి పేజీ పెట్టే కుర్రవాడిని వదులుతుందా?

ఇంకో ప్రమాదం పేర్లది. తెలంగాణలో 2014 నుంచి 2019 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. అక్కడ ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రకరకాల శాఖల లెక్కలను కలిపి, పేరూ చిరునామా పోల్చి, ఎవరు బీదవాళ్ళో ఎవరు కాదో చెప్పేది. చనిపోయిన ఒక రిక్షా కార్మికుడి పేరును దగ్గరి పేరున్న ఇంకొకరితో కలిపేసి, ఆ కుటుంబానికి కారుందని రాసింది. ఆ ఇల్లాలికి బియ్యం ఆగిపోయాయి. తప్పు యంత్రానిది, ఆకలి ఆమెది. 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చూడమంది. 2024 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్ విలేకరులు అల్ జజీరాలో ఈ కథంతా బయటపెట్టారు. వాళ్ళు దీన్ని ఎలా తేల్చారంటే, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి, కోర్టు కాగితాలు చదివి, ఆ ఇళ్ళ తలుపు తట్టి. ప్రోగ్రాము ఎలా రాశారో చెప్పమంటే ప్రభుత్వం చెప్పలేదు.

విలేకరి యంత్రమూ అదే పొరపాటు చేయగలదు. మన ఊళ్ళల్లో ఒకే ఇంటిపేరు, ఒకే తాతపేరు పెట్టుకున్నవాళ్ళు వీధికి నలుగురు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకే పేరు అడంగల్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. ‘బోగస్ రైతుల జాబితా’ అని యంత్రం తీసినదాన్ని సరిచూడకుండా మొదటి పేజీలో వేస్తే, నిజంగా చెమటోడ్చినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీ మొదలైనప్పుడు మస్టరు రోల్ గ్రామసభలో బిగ్గరగా చదివేవారు. చచ్చిపోయినవాళ్ళ పేరున కూలి పడిందంటే వెనక నుంచి ఎవరో ఒకరు లేచేవారు. ఆ పరీక్ష ఏ కంప్యూటరూ చేయలేదు.

అసలు అడ్డంకి వేరే ఉంది. యంత్రం ఎంత చదివినా కాగితం చేతికి రావాలి. 2005 సమాచార హక్కు చట్టం పది రూపాయల దరఖాస్తుతో 30 రోజుల్లో జవాబు వచ్చే హక్కు ఇచ్చింది. 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టం దాని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న షరతు ఆ సెక్షన్‌లోంచి పోయింది. 8(2) ఇంకా ఉంది కదా అని పెద్దలు అంటున్నారు. ఉంది, కానీ అక్కడ తూకం అధికారి చేతిలో ఉంది. పరిహారం అందినవాళ్ళ జాబితా అడిగితే ‘వ్యక్తిగతం’ అన్న ఒక్క మాటతో తిప్పి పంపొచ్చు. మన భూమి, ఆధార్, వేలిముద్ర, పంట, ఖాతా అన్నీ ప్రభుత్వం దగ్గర తెరిచే ఉన్నాయి. దాని లెక్కలు మాత్రం మన దగ్గర మూసి ఉండాలట.

2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరి దిగుబడి లెక్కకు ఉపగ్రహ సాంకేతికతకు కనీసం 30 శాతం విలువ ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. పంట కోత ప్రయోగమైతే మనం గట్టు మీద నిలబడి తూకం చూడొచ్చు. ఉపగ్రహం లెక్కను ఎవరు చూస్తారు? గ్రామాలవారీగా అది ఎంత చెప్పిందో, కోత ప్రయోగం ఎంత చెప్పిందో రెండూ రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. ఇది మా డిమాండు. తెలుగులో అంటించాలి.

పత్రికల యాజమాన్యాలకూ ఒక మాట. ఏ పత్రిక ఏ పార్టీ కుంభకోణాన్ని బయటపెడుతుందో పేరు చూస్తేనే తెలిసిపోతున్న రోజులివి. ఏఐ కొన్నాం కదా అని మండల విలేకరిని తీసేస్తే, యంత్రం చూపించిన గుంత దగ్గరికి ఎవరొస్తారు? ఇప్పటికే ఆయనకు జీతం తక్కువ, యాడ్ల టార్గెట్ ఎక్కువ. ఆ ఖర్చు మిగుల్చుకోవడానికే ఏఐ అయితే అది పరిశోధన కాదు, పొదుపు.

మన శాఖలు ఈ పంట నుంచే కాగితాలు పోగు చేయడం మొదలుపెట్టాలి. సామాజిక తనిఖీకి ఈ-పంట జాబితా అంటించిన రోజునే అన్ని పేజీలూ తేదీ కనబడేలా ఫొటో తీయండి. సర్వే నంబరు, ఎకరాలు, సాగుదారు పేరు చూడండి. కౌలు రైతు పేరు బదులు యజమాని పేరుంటే ఇద్దరినీ అడిగి పక్కన రాయండి. ధాన్యం తోలినప్పుడు ట్రక్ షీటు, తేమ శాతం రాసిన చీటీ పారేయకండి. ఆధార్, ఖాతా నంబర్లు మాత్రం ఎవరికీ పంపొద్దు, ఏ యాప్‌లోనూ ఎక్కించొద్దు. మిగతావన్నీ ఊరివారీగా కట్ట కట్టి మండల కమిటీకి ఇవ్వండి. అడిగిన విలేకరి ఏ పత్రికవాడైనా సరే, ఆ కట్ట విప్పి చూపిస్తాం, గట్టు మీదికి తీసుకెళ్ళి చేనూ చూపిస్తాం.