కీర్తనకు పంక్తిభేదమా?

మా బందరు సీమలో సాహిత్య సభ ఏది జరిగినా మువ్వ క్షేత్రయ్యను తలచుకోకుండా మొదలుకాదు. కూచిపూడి భామాకలాపాన్ని మెచ్చుకోకుండా ముగియదు. మంచిదే. కాని గిలకలదిండి మొదలు గుడివాడ దాకా దళితవాడల్లో ఆదివారం పూట వినబడే క్రైస్తవ కీర్తన మాట ఎత్తితే మన విమర్శకులు ముఖం తిప్పుకుంటారు. అది సాహిత్యం కాదంటాడు పండితుడు. అది మతం అంటాడు అభ్యుదయవాది. ఈ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం బహుశా ఇదొక్కటే!

పండితుని మాట ముందు చూద్దాం. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన బ్రాహ్మణుడు. 1833లో బాప్తిస్మం పొందాడు. ఆయన రాసినవి పల్లవి, చరణాలు గల కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగమూ తాళమూ అచ్చయి వుంటాయి. గుడి గడప తొక్కనివ్వని జనం, అక్షరం రాకపోయినా, చెవితో పట్టి ఆ రాగాలను తమ గొంతులో నిలుపుకున్నారు. ఇది సాహిత్య చరిత్ర కాకపోతే మరేమిటి? జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యం రాసినవాడికి, అదీ ఎంతో పోరాడిన మీదట, పంక్తిలో చోటు దొరికింది. కీర్తన మాత్రం ఇంకా వాకిట్లోనే వుంది. పరిశోధన గ్రంథాలు కొన్ని రాకపోలేదు. అవి బీరువాల్లో వున్నాయి.

‘ఇదంతా అమెరికా దిగుమతి సరుకు’ అనే వాదమూ ఒకటుంది. అసలు దిగుమతి ఏదో తెలుసుకోవాలి. నెల్లూరు బాప్తిస్టు మిషన్‌ను మూసివేద్దామన్న చర్చ 1853లో లేచినప్పుడు, దాన్ని నిలపాలని కవిత రాసినవాడు శామ్యూల్ స్మిత్. ఆయన రాసిన ‘అమెరికా’ గీతాన్ని 1831లో బోస్టన్‌లో పిల్లల చేత పాడించినవాడు లోవెల్ మేసన్. యూరప్ పద్ధతియే శుద్ధ సంగీతమని నమ్మిన మేసన్ 1822లో తన స్వర సంకలనం ప్రకటించాడు. అటువంటి బాణీలకు అనువదించిన పాటల్లో తెలుగు దీర్ఘం హ్రస్వమవుతుంది, మాట నడుమ విరుగుతుంది. కీర్తన తెలుగు నడకను కాపాడింది. దిగుమతికి ఎదురు నిలిచినదాన్నే దిగుమతి అనడం ఏం న్యాయం?

మేసన్ తరం తన దేశంలోనూ ఇదే పంక్తిభేదం పాటించింది. విలియం బిల్లింగ్స్ (1746–1800) బోస్టన్‌లో తోళ్లు పదునుచేసే పనివాడు. 1770లో సొంత బాణీలతో ప్రార్థన గీతాల పుస్తకం వేశాడు. అందులోని ‘చెస్టర్’ బ్రిటిషువారి మీద స్వాతంత్ర్య సమరంలో యుద్ధగీతమైంది. అటువంటివాని సంగీతం మొరటుదని నగర దేవాలయాలు వెళ్లగొట్టాయి. దక్షిణాది పల్లెలు నిలుపుకున్నాయి. అక్కడ 1844లో వెలువడిన ‘సేక్రెడ్ హార్ప్’ పుస్తకం పట్టుకొని నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుని అందరూ పాడతారు. వినేవాళ్లు వేరే వుండరు. నేటికీ పాడుతున్నారు.

ఇక అభ్యుదయవాదికి ఒక్క ప్రశ్న. జంగం కథ శైవుల మతకళ. దాన్ని బుర్రకథగా మలచి ప్రజానాట్యమండలి ఊరూరా తిప్పినప్పుడు మనకు మతం అడ్డం రాలేదు. కీర్తన దగ్గరే ఎందుకు వచ్చింది? మార్క్స్ మతాన్ని గూర్చి రాసినదాంట్లో ఒక్క మాట పట్టుకొని తక్కిన పేరా చదవనివారికి పీడితుల గొంతు మత్తుగానే వినబడుతుంది. కీర్తనలో లొంగుబాటు బోధ వుంది, దాన్ని ఖండించవలసిందే. 1841లో బందరు వచ్చిన నోబుల్ దొర గురి పై కులాల మీదనే వుండేదన్న సంగతీ చెప్పవలసిందే. కాని చదవకుండా, వినకుండా ఖండించేది విమర్శ కాదు, అంటరానితనం.

తెలుగు బోధించే మనం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పల్లెల్లో పాత వరసలు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లి ఆ వరసలు రాసుకుందాం, పాఠ్యగ్రంథంలో క్షేత్రయ్య పక్కన పెడదాం. ఆ తరువాత ఎంత కఠినంగానైనా విమర్శిద్దాం. ముందు వడ్డన సమానంగా జరగనివ్వండి.