మిగిలిన డబ్బు ఎవరిదమ్మా?

మా వీధిలో ఒకావిడ ఉంది. గూడూరు నిమ్మకాయల యార్డులో కాయలు ఏరే పని. పొద్దున పోతే వంచిన నడుము మధ్యాహ్నం దాకా ఎత్తదు. మొన్న మా గుమ్మంలో కూచుని, "అమ్మా, ఆరోగ్యశ్రీని కంపెనీకి ఇస్తారంట గదా! మన కార్డు చెల్లతాదా?" అని అడిగింది.

చెల్లుతుందని చెప్పాను. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన పద్ధతి ప్రకారం 2.5 లక్షల లోపు వైద్యం ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీ భరిస్తుంది. అది దాటితే పేద కుటుంబాలకు 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటుంది. (పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట్లో అది ఆరోగ్యశ్రీయే.) ఆవిడ నిశ్చింతగా లేచి వెళ్లింది. నా నిశ్చింతే పోయింది.

ఎందుకంటారా? లెక్క చూడండి. ట్రస్టు పద్ధతిలో రోగికి వైద్యం జరిగాక ఆసుపత్రి బిల్లు పెడుతుంది, ప్రభుత్వ సొమ్ములోంచి ట్రస్టు కడుతుంది. అందులో ఎవరికీ లాభం వాటా లేదు. కంపెనీ పద్ధతిలో ప్రభుత్వం ఇంటికింత అని ఏడాది ప్రీమియం ముందే కట్టేస్తుంది. బిల్లులన్నీ తీరగా మిగిలింది కంపెనీది. అంటే, "ఈ ఆపరేషను ఇప్పుడు అక్కర్లేదు" అన్న ప్రతిసారీ ఎవరికో నాలుగు రూపాయలు మిగులుతాయన్నమాట. పైగా మన ఆడవాళ్ల జబ్బులు చాలామటుకు ఆ రెండున్నర లక్షల లోపువే. గర్భసంచి, పిత్తాశయంలో రాళ్లు, జారిపడితే విరిగే మణికట్టు... అన్నీ కంపెనీ గుమ్మం ముందుకే పోవాలి.

ట్రస్టు మాత్రం తక్కువ తిన్నదా అని మీరడగొచ్చు. నిజమే. బకాయిలు తీర్చలేదని 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. మా నిమ్మకాయల అక్క రాళ్ల ఆపరేషనుకని రైలెక్కి నెల్లూరు పోయి, "ఇప్పుడు కాదు, మళ్లీ రా" అనిపించుకుని తిరిగొచ్చింది అప్పుడే. ఆ రోజు కూలీ పోయింది, దారి ఖర్చులూ పోయాయి. అంతకు ముందు, ఈ పథకం కొత్తల్లో, కార్డు కనబడితే చాలు గర్భసంచి తీసేస్తున్నారని గొడవ లేచి ప్రభుత్వం ఆ ఆపరేషన్లకు అడ్డుకట్ట వెయ్యాల్సొచ్చింది. కాబట్టి "వద్దు" అని చెప్పే మనిషీ ఉండాల్సిందే. కానీ ఆ "వద్దు" డాక్టరు మనసులోంచి రావాలి గానీ కంపెనీ గల్లాపెట్టెలోంచి కాదు గదా!

ఈ లెక్క మన ప్రాంతం ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. సారా మీద పోరాడిన ఊపులోనే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టాయి. అప్పుడు మా గూడూరూ ఆ జిల్లాలోనిదే. రోజుకో రూపాయి దాచుకున్నారు. ఒకరికి కష్టమొస్తే అందరి డబ్బూ ఆదుకుంది. ఏడాది చివర మిగిలింది ఎవరిదీ అని ఏ సంఘంలోనైనా అడిగి చూడండి, "ఇంకెవరిది? మాదే" అంటారు.

అమెరికాలో ఆరోగ్య బీమా మొదలైంది కూడా ఇట్లాంటి చిన్న పొదుపుతోనే. 1929లో డల్లస్ నగరంలో బడి టీచర్లు నెలకు 50 సెంట్లు చొప్పున ఒక ఆసుపత్రికి కట్టారు. జబ్బు చేస్తే 21 రోజులు ఆ ఆసుపత్రిలో ఉండొచ్చు. అదే పెరిగి పెరిగి లాభాపేక్ష లేని బ్లూ క్రాస్ సంస్థలయింది. 1994లో వాటి సమాఖ్య, లాభాల కంపెనీలుగా మారినా ఫరవాలేదని తలుపు తెరిచింది. కాలిఫోర్నియాలోని బ్లూ క్రాస్ మారబోతే అక్కడి వాళ్లు ఊరుకోలేదు. "ఇన్నేళ్లూ ప్రజాసేవ పేరు మీద కూడబెట్టిన ఆస్తి కంపెనీది ఎట్లా అవుతుంది?" అని నిలదీశారు. చివరికి 1996లో 300 కోట్ల డాలర్లకు పైగా విలువను రెండు ధర్మసంస్థలకు అప్పగించాల్సొచ్చింది. అడిగారు కాబట్టి వచ్చింది. అడక్కపోతే ఎవరిస్తారు?

మన దగ్గరా కంపెనీ కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది ఒక ప్రైవేటు బీమా కంపెనీతోనే. మిగులులో పెద్ద భాగం ప్రభుత్వానికి తిరిగివ్వాలన్న షరతు అప్పటి ఒప్పందంలో ఉండేది. ఈసారీ అట్లాంటి షరతు ఉండాలి, అది జనానికి తెలియాలి. కాదన్న ప్రతి కేసుకూ కారణం తెలుగులో రాసి రోగి చేతికివ్వాలి. కాదన్నవాటిలో ఆడవాళ్లవెన్నో ఏటా పేపర్లో వేయాలి. ఆ కారణాలు విచారించే కమిటీలో పొదుపు సంఘం మనిషి ఒక్కరైనా కూర్చోవాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు.

నా భయానికి ఇంకో కారణమూ ఉంది. మన ఆడవాళ్లకు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. కాగితం చూసి కాదనాలనుకునే వాడికి అంతకంటే ఏం కావాలి? ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర తెలిసిన మనిషైతే సర్దుతుంది. ఎక్కడో కూర్చుని కంప్యూటర్లో కాగితాలు చూసేవాడికి మన ఇళ్ల సంగతేం తెలుసు?

నిమ్మకాయల అక్కతో ఇదే చెప్పాను. ఆపరేషనుకు మళ్లీ తేదీ ఇచ్చారట. "అయితే ఇప్పుడు పేరు మార్పించుకోవాల్నా ఏందమ్మా? మీసేవకు పోతే ఒక రోజు కూలీ పోతాది," అంది. ఆ కూలీ డబ్బు ఎవరి లెక్కలో రాసుకోవాలో నాకు తెలియలేదు.