చేతికంప్యూటరు – దేశభాషల అక్షరము

1995వ సంవత్సరము జూలై 31వ తేదీన కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుండి పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలోని సంచార్ భవనమందున్న కేంద్రమంత్రి సుఖ్ రామ్‌తో మొబైల్ ఫోనులో మాటలాడెను. భారతదేశమున మొబైల్ ఫోనుపై జరిగిన మొదటి సంభాషణ ఇదియే. ఆ దినమున మాటకు తీగతో పనిలేకపోయినది. వ్రాతకు మాత్రము అట్టి స్వేచ్ఛ లభింపలేదు. ఆ ఫోనులో బంగాళీయుడు తన లిపిలో ఒక్క పదమైనను వ్రాయుటకు వీలు లేకుండెను. తెలుగువాని గతియు నంతియే. నోటిమాటకు వెంటనే చోటిచ్చిన యంత్రము అక్షరమునకు చోటిచ్చుటకు ఏల అన్ని యేండ్లు తీసికొన్నది? లోపము లిపిలో నున్నదా, యంత్రములో నున్నదా, లేక లిపిని తెలిసినవారు యంత్రమునకు దూరముగ నుండుటలో నున్నదా? ఈ ప్రశ్న భాషాశాస్త్రజ్ఞులు విచారింపదగినది.

భారతీయ లిపులు జటిలములు, అందుచేతనే అవి చిన్నయంత్రములలో ఆలస్యముగ ప్రవేశించినవి అను అభిప్రాయము విద్యావంతులలోను వ్యాపించియున్నది. తొలినాటి చేతికంప్యూటర్ల చరిత్రను చూచినచో ఈ అభిప్రాయమున సగమే సత్యమున్నదని తోచును. 1993లో ఆపిల్ సంస్థ వెలువరించిన న్యూటన్ మెసేజ్‌పాడ్ మనుష్యుని సహజమైన చేతివ్రాతను చదువుటకు యత్నించి, పెక్కుమార్లు తప్పుగ చదివి, పరిహాసమునకు గురియైనది. 1996లో వచ్చిన పామ్ పైలట్ మరియొక మార్గము త్రొక్కెను. గ్రాఫిటీ యను పద్ధతిలో రోమను అక్షరములకు, చాలవరకు కలము నెత్తకుండ ఒకే గీతతో వ్రాయదగిన సరళరూపముల నేర్పరచి, వానిని నేర్చుకొమ్మని వ్రాయువానినే కోరెను. ఇరువదియారు అక్షరములు మాత్రమే గల రోమను లిపి సైతము యంత్రముకొరకు తన రూపమును మార్చుకొనవలసి వచ్చినదన్నమాట. పామ్ పైలట్ తెర నిలువున 160, అడ్డముగ 160 బిందువులు గలది. మొదటి నమూనాకున్న స్మృతి 128 కిలోబైట్లు మాత్రమే. అక్షరము పైన గుడియు, క్రింద వత్తును గల తెలుగు పంక్తికి ఆ తెర ఇరుకే. కాని ఆ యిరుకు తెరకు సంబంధించినది. తెర పెరిగిన కొలది తొలగిపోవునది. అంతకంటె లోతైన చిక్కు అక్షరమును లెక్కించు పద్ధతిలో నున్నది.

మొబైల్ ఫోనునుండి పంపు చిన్న సందేశము యొక్క పరిమాణము 140 బైట్లు. రోమను అక్షరము నొక్కదానిని ఏడు బిట్లలో నిమిడ్చిరి గావున ఆంగ్ల సందేశమునకు 160 చోట్లు లభించినవి. ఇతర లిపులకు ఒక్కొక్క చోటికి పదునారు బిట్లు కావలసియుండుటచే అవి డెబ్బదికి తగ్గినవి. ఇక ‘స్త్రీ’ అనునది చదువరికి ఒకే అక్షరము. యూనికోడ్ లెక్కలో అది సకారము, హలంత చిహ్నము, తకారము, మరల హలంత చిహ్నము, రేఫము, ఈకార చిహ్నము అని ఆరు చోట్లు. బంగాళీ లిపిలోను లెక్క ఇదియే. ఇట్లు విడదీయుట తప్పు కాదు. అది మన వర్ణవిభాగమునకు అనుగుణమైనదే. అయితే రుసుము సందేశముల సంఖ్యను బట్టి చెల్లింపవలసినచోట, ఒకే విషయమును తెలుగులో వ్రాసినవాడు ఆంగ్లమున వ్రాసినవానికంటె రెట్టింపు చెల్లింపవలసి వచ్చెను. తరువాతి కాలమున తెలుగు, బంగాళీ మొదలగు భారతీయ భాషలకు ఏడు బిట్ల పట్టికలు అంతర్జాతీయ ప్రమాణమున చేర్చబడినవి. తొలుతనే చేయదగిన పని తుదకు జరిగినదనిన, అది అసాధ్యమైనందున ఆగలేదనియు, అడిగినవారు లేనందున ఆగినదనియు స్పష్టమగుచున్నది.

స్వదేశమున ప్రయత్నములు లేకపోలేదు. బెంగుళూరు నగరమున భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులును, ఎన్‌కోర్ సంస్థవారును కలిసి సింప్యూటర్ అను చేతికంప్యూటరును రూపొందించిరి. 2001లో దాని నమూనా ప్రదర్శింపబడినది. 2004 మార్చిలో అమీడా యను పేర అది విపణిలోనికి వచ్చినది. చదువురానివాడు సైతము ఉపయోగించుటకై దేశభాషలలో వ్రాతను చదివి వినిపించు సౌకర్యమును, పలువురు ఒకే యంత్రమును పంచుకొనుటకై స్మార్ట్ కార్డును దానియందు కల్పించిరి. ఆశయము గొప్పది. కాని చౌకయైన మొబైల్ ఫోనుల వెల్లువలో అది నిలువలేకపోయెను. సింప్యూటర్ దేశభాషను ముందుంచుకొని యంత్రమును నిర్మించినది. గెలిచిన ఫోనులు యంత్రమును ముందు నిర్మించి, దేశభాషను తరువాత అతికించినవి. అతుకులోని లోపములనే నేటికిని దేశమంతయు అనుభవించుచున్నది.

శాస్త్రబలము లేకపోవుటచే ఇట్లు జరిగినదని అనుటకు వీలులేదు. కలకత్తా నగరమే అందుకు సాక్షి. మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ 1955లోనే ఇంగ్లండునుండి హెచ్.ఈ.సి.–2ఎమ్ అను కంప్యూటరును తెప్పించెను. దేశమున మొదటి అంకాత్మక కంప్యూటరు అదియే. 1966లో ఆ సంస్థయు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమును కలిసి ఐ.ఎస్.ఐ.జె.యు.–1 అను యంత్రమును స్వయముగ నిర్మించినవి. ఆ సంస్థయందే బి.బి. చౌధురి, యు. పాల్ అను పరిశోధకులు అచ్చుబంగాళీని చదువు యంత్రపద్ధతిని 1998లో ప్రకటించిరి. మూలాక్షరములు, గుణితములు, సంయుక్తాక్షరములు కలిసి సుమారు మూడువందల ఆకృతులను వేరువేరుగ గుర్తింపవలసిన పని అది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగునకు అట్టి కృషి 2001 నాటికే జరిగినది. మూడువందల ఆకృతులను చదువగల శాస్త్రము ఉన్న నగరములోనే, ఆ ఆకృతులను చూపలేని ఫోను ప్రతివాని చేతిలో నుండుట విచిత్రము.

అక్షరము కొత్త యంత్రమును చేరుట ఈ ప్రాంతమునకు కొత్త కాదు. 1778లో హాల్‌హెడ్ రచించిన బంగాళీ వ్యాకరణము హుగ్లీలో అచ్చైనప్పుడు చార్లెస్ విల్కిన్స్ పర్యవేక్షణలో ఆ అచ్చుదిమ్మెలను చెక్కుటకు తోడ్పడినవాడు పంచానన కర్మకారుడను కమ్మరి. కలకత్తాకు చేరువనున్న శ్రీరాంపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణమును 1814లో ముద్రించెను. అంతకు పూర్వమే అక్కడ దేశభాషల దిమ్మెలు పోతపోయు పరిశ్రమ ఏర్పడియుండెను. ఆ కాలమున దిమ్మె చెక్కువాడు, వ్యాకరణము తెలిసినవాడు, ముద్రించువాడు ఒకరికొకరు అందుబాటులో నుండిరి. మొబైల్ ఫోను విషయమున ఈ ముగ్గురును మూడు ఖండములలో నుండిరి. దూరము వలన కలిగిన నష్టమును రెండు ఉదాహరణములు తెలుపగలవు.

మొదటిది బంగాళీలోని ఖండ తకారము. అచ్చులేని తకారమునకు ఆ లిపియందు ప్రత్యేకరూపము గలదు. అది వేరు వర్ణమా, లేక తకారమునకే ఒక రూపాంతరమా యను వాదము చాలకాలము సాగెను. వాదము తీరనంతకాలము దానిని తకారము, హలంత చిహ్నము, కంటికి కనబడని సంధాన సంకేతము అను మూడింటితో కూర్చవలసివచ్చెను. ఆ సంకేతము నెరుగని యంత్రములలో రూపము చెడిపోయెను. 2005లో యూనికోడ్ 4.1 ప్రమాణమున దానికి స్వతంత్రస్థానము లభించినది. దీనికి సరియైన తోడు తెలుగులోని నకారపొల్లు. పాతప్రతులను, ప్రాచీన ముద్రణలను చదువువారికి సుపరిచితమైన ఆ రూపమునకు 2021లో, యూనికోడ్ 14.0 ప్రమాణమునందు గాని స్థానము దొరకలేదు. దంత్య చకార జకారములకు 2008లో లభించినది. ఇవి యంత్రజ్ఞులు నిర్ణయింపదగిన విషయములు కావు. ఏది వర్ణము, ఏది రూపభేదము అనునది వ్యాకరణ ప్రశ్న. దానికి సమాధానము చెప్పవలసినవారు భాషాశాఖలవారు.

రెండవది 2018 ఫిబ్రవరిలో జరిగినది. ‘జ్ఞా’ అను ఒక తెలుగు అక్షరము, నడుమ కనబడని వియోజక సంకేతముతో కూడి సందేశములో వచ్చినచో, ఆపిల్ ఫోనులోని సాఫ్ట్‌వేరు కుప్పకూలెను. ప్రపంచమందలి పత్రికలు దీనిని వినోదవార్తగ ప్రకటించినవి. ఆ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసెను. అయితే దోషము తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. బంగాళీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాక్షరములును అదే క్రమమున వచ్చినప్పుడు యంత్రము తట్టుకొనలేదు. కారణము తెలుగక్షరపు విడ్డూరము కాదు. హల్లుపై హల్లు చేరి, దానిపై అచ్చు చేరు క్రమమును అన్నివిధముల పరీక్షింపకుండ యంత్రమును జనులకిచ్చుటయే కారణము. సంయుక్తాక్షరముల సమగ్రమైన పరీక్షాపట్టికను భాషాశాఖలు సిద్ధము చేసి ప్రకటించియున్నచో, ఆ దోషము ప్రయోగశాలలోనే బయటపడుట కవకాశముండెడిది.

రోమను లిపిలో వ్రాసికొన్నచో ఈ చిక్కులన్నియు తీరునని వాదించువారు కలరు. ఫోనులలో బంగాళీ, తెలుగు యువకులు రోమను లిపినే విరివిగ వాడుచున్నారు గూడ. ఈ వాదమునకు కలకత్తాయే సమాధానము చెప్పగలదు. జాతీయ గ్రంథాలయము పేర ప్రసిద్ధమైన రోమను లిప్యంతరీకరణ పద్ధతియందు, అక్షరముల పైనను క్రిందను గుర్తులుంచి, తకార టకారములను, నకార ణకారములను, హ్రస్వ దీర్ఘములను వేరుపరచిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున వెలసిన ఆర్.టి.ఎస్. పద్ధతి గుర్తులు లేకుండ, పెద్ద చిన్న అక్షరముల భేదముతో అదే పని చేసెను. రెండింటను నియమమున్నది. ఫోనులోని వ్యావహారిక రోమనుకు నియమము లేదు. అందు ‘పడు’ అనునదియు ‘పాడు’ అనునదియు ఒకటే కావచ్చును. ‘కల’, ‘కళ’ అను పదములకు భేదమే యుండదు. అట్టి వ్రాతను నేడు చదివినవాడు సందర్భము వలన గ్రహించును. నూరేండ్ల తరువాత భాషాచరిత్ర వ్రాయువానికి ఆ సందర్భము దొరకదు.

ఇప్పుడు అన్నియు చక్కబడినవి గదా యని మరికొందరందురు. చక్కబడినవి చాలగలవు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు ఆశ్రయమిచ్చినది. ఐ.ఎస్. 16333 మూడవ భాగముగ 2016లో వెలువడిన భారతీయ ప్రమాణము, ఫోనులలో ఇరువదిరెండు అధికారభాషల సందేశములను చదువు సౌకర్యము ఉండవలెనని విధించినది. కాని వ్రాయుటకు ఆంగ్లము, హిందీ, మరియొక భారతీయ భాష యున్న చాలునని ఆ ప్రమాణమే తెలుపుచున్నది. చదువుట అందరికి, వ్రాయుట కొందరికి అను ఈ భేదమును భాషాశాఖలు గమనింపవలెను. మాటనే వ్రాతగ మార్చు సాఫ్ట్‌వేరు వచ్చినందున కీబోర్డు అక్కరలేదనుటయు పొరపాటు. అట్టి సాఫ్ట్‌వేరు నేర్చుకొనుటకు వ్రాతప్రతులును కావలెను. వ్రాత సరిగ లేని భాషకు వినికిడియు సరిగ నబ్బదు.

కావున తెలుగు, బంగాళీ మొదలగు భాషాశాఖలు చేయవలసిన పనులు మూడు. వాడుకలోను, శాసనములలోను, తాళపత్రములలోను గల సంయుక్తాక్షరములన్నింటికి రూపసహితమైన పట్టికను కూర్చి, ఉచితముగ ప్రకటింపవలెను. ఏ కొత్తయంత్రము వచ్చినను ఆ పట్టికతో పరీక్షించి, ఫలితమును తమ పత్రికలలో ప్రకటింపవలెను. అక్షరసంకేత నిర్ణయమును ఎం.ఏ. పాఠ్యమున చేర్చి, యూనికోడ్ సభలకు సప్రమాణమైన ప్రతిపాదనలు వ్రాయగల విద్యార్థులను తయారుచేయవలెను. వీనిలో దేనికిని గొప్ప ధనము అక్కరలేదు. లిపిశాస్త్రమును గతకాలపు విషయముగ మాత్రమే భావించు అలవాటును విడుచుట అవసరము. దిమ్మె చెక్కువానికి అక్షరము చూపించుట ఒకప్పుడు పండితుని పనియై యుండెను. దిమ్మె మారినది, పని అట్లే యున్నది.