నదికి నడిచిపోయే దారి

వానలు వెనకబట్టి ఆశ్వయుజం రాగానే మన కళాశాలలో విహారయాత్ర మాట మొదలవుతుంది. ఎవరినడిగినా అనంతగిరి అంటారు. అనడంలో తప్పేం లేదు. కొత్తగా అడవి నడక మొదలుపెట్టే వాళ్ళకు అంతకంటే అనువైన చోటు మన దగ్గర్లో నాకు తోచదు. వికారాబాద్ దాకా రైలు, అక్కణ్ణించి ఐదారు కిలోమీటర్లు, అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. ఎత్తులు భయపెట్టేవి కావు. మూసీనది పుట్టేది ఆ కొండల్లోనే.

ఐతే నాచారంలోనో ఉప్పల్‌లోనో గది తీసుకుని చదువుకునే విద్యార్థి, మూసీ పుట్టుక చూడ్డానికి నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి పోతాడు గాని, అదే మూసీ తన గదికి గంటన్నర నడకలో పారుతున్నదన్న సంగతి పట్టించుకోడు. నా ఫిర్యాదల్లా ఇదే. అనంతగిరికి వెళ్ళండి, వద్దనను. కాని ఆ నడకను ఉప్పల్ దగ్గర పూర్తి చెయ్యండి.

ఇంగ్లీషు సినిమాలు చూసి శరత్తంటే ఆకులు రాలే కాలమనుకునే మిత్రులకు ఒక మాట. మన అడవులు ఆకు రాల్చేది శిశిరంలో. శరత్తులో అవి నిండు పచ్చగా ఉంటాయి. బాట పక్కన తంగేడు, గునుగు పూస్తాయి, సీతాఫలాలు కండ్లు తెరుస్తాయి. వాన తాగిన అడవి నేల ఆ నీటిని ఒక్కసారిగా వదలదు. ఊటలుగా, కొద్దికొద్దిగా వాగులకు ఇస్తుంది. వాన లేని రోజున కూడా వాగులో తడి ఉండేది అందుకే. భూగోళం పుస్తకంలో ఇది ఒక వాక్యం. అక్కడ బూట్లు తడిస్తే ఇక మరిచిపోరు. అదే జిల్లాలో దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళం వారి రేడియో కేంద్రానికి కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. దేశరక్షణను కాదనే ధైర్యం ఎవరికుంటుంది? కాని అడవి నేల నదికి ఏమిస్తున్నదో కళ్ళారా చూసినవాడు ఆ వార్తను చదివే తీరు వేరుగా ఉంటుంది.

ఇక రెండో నడక. నాచారం చౌరస్తా నుంచి హబ్సిగూడ, అక్కణ్ణించి మెట్రో స్తంభాల వెంట ఉప్పల్ రింగురోడ్డు, కుడివైపు తిరిగితే నాగోలు వంతెన. భూమిని తవ్వకుండానే లోపలేముందో చెప్పగల భూభౌతిక పరిశోధన సంస్థ ఈ రోడ్డు మీదే ఉంది. దేశానికి పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా ఉంది. నదికి ఎటు పోవాలో చెప్పే బోర్డు మాత్రం నాకింతవరకు కనబడలేదు!

వంతెన మీద నిలబడితే ముందు వచ్చేది వాసన. ముక్కు మూసుకుని వెనక్కి తిరగడం తేలిక. కాసేపు ఆగి ఆలోచించండి, ఆ నీళ్ళు ఎక్కడివి? 1908 సెప్టెంబరు 28 నాటి వరద మళ్ళీ రాగూడదని, ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప కొండల నీరు అక్కడే ఆగిపోతుంది. దిగువన ఏడాది పొడుగునా పారేది ప్రధానంగా నగరం వాడి వదిలిన నీరు. మన నల్లాలకు 2004 నుంచి కృష్ణ వస్తున్నది, తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరీ వచ్చింది. మనం స్నానం చేసి, గిన్నెలు కడిగి వదిలిన ఆ నీళ్ళే మూసీలో పడి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మళ్ళీ కృష్ణలో కలుస్తాయి. అంచేత ఆ వాసన ఎవరిదో కాదు మిత్రులారా, మనదే. అంబర్‌పేటలో, నాగోలులో శుద్ధి కేంద్రాలున్నాయి, నిజమే. ఐనా వంతెన కింద నురగ తేలిన రోజులున్నాయి.

ఆ నీటితోనే ఒడ్డున పశువుల గడ్డి పెంచే వాళ్ళున్నారు. ఆ గడ్డి పాడి పశువులకు పోతుంది. మన క్యాంటీన్ చాయ్‌లో పాలు ఏ గడ్డివో ఎవరు చెప్పగలరు? (రసాయనశాస్త్రం మిత్రులు పూనుకుంటే మంచి ప్రాజెక్టవుతుంది.)

ఇదంతా ఇప్పుడెందుకంటే, మూసీ తీరాన్ని బాగుచేస్తామని 2017లోనే ఒక కార్పొరేషన్ పెట్టారు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒడ్డున ఇళ్ళకు ఎర్ర గుర్తులు వేశారు, చాదర్‌ఘాట్ వైపు కొన్ని కూల్చారు కూడా. పథకాల బొమ్మల్లో పచ్చిక, దీపాలు, షికారు చేసే జనం కనిపిస్తారు. గడ్డి కోసేవాడు ఆ బొమ్మలో ఎక్కడ? ఉప్పల్ బస్తీ పిల్లాడు టిక్కెట్టు కొనకుండా నది దాకా నడవగలడా? నది చూడని వాళ్ళు ఈ ప్రశ్న వెయ్యలేరు. నా మటుకు నాకు, ఆ పథకంలో మొదట కావలసింది ఒక మామూలు కాలిబాట: మన కాలనీల నుంచి, నాలాల వెంట, నీటి దాకా. నాలాల వెంట అని ఊరికే అనడం లేదు. 2020 అక్టోబరులో హబ్సిగూడ, రామంతపూర్ కాలనీలు మునిగినప్పుడే చెరువుల నీళ్ళు నదికి పోయే దారి ఏదో, దాన్ని ఎక్కడెక్కడ ఇరుకు చేశామో చాలామందికి తెలిసొచ్చింది. ఆ దారి మీద రోజూ జనం నడుస్తుంటే దాన్ని మూసెయ్యడం ఎవరికైనా కష్టం.

అందాకా విద్యార్థి సంఘం చెయ్యగలిగింది ఒకటుంది. దీపావళి తర్వాత వచ్చే మొదటి ఆదివారం, ఉదయం ఆరింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కలుద్దాం. నిండు ప్యాంటు, పాత బూట్లు, సీసాడు నీళ్ళు చాలు. పాటల డబ్బాలు వద్దు. వాన పడితే వాయిదా. నాలాల అంచుకు, నీళ్ళలోకి ఎవరూ దిగగూడదు. భూగోళం, భూగర్భశాస్త్రం అధ్యాపకులు ఒక్కొక్కరైనా రావాలి, గడ్డి కోసే వాళ్ళతో మాట్లాడ్డానికి తెలుగూ ఉర్దూ రెండూ వచ్చినవాళ్ళు ముందుండాలి. తొమ్మిదింటికల్లా ఇళ్ళకు చేరతాం. పేర్లు సంఘం కార్యాలయంలో ఇవ్వండి.