భృగువు అనుత్తీర్ణుడా?

పరీక్ష అనగా 'పరి ఈక్ష', అన్ని వైపుల నుండి చూచుట. శిష్యుడు ఎచట నిలిచి ఉన్నాడో సమగ్రముగా గ్రహించి, అచటి నుండి ముందునకు నడిపించుట దాని ప్రయోజనము. నేడు ఆ పదము మిగిలినది, ఆ చూపు పోయినది. మూడు గంటలలో ఒక్క వైపు నుండి చూచి, బాలుని నుదుట ఒక అంకె వ్రాసి పంపివేయుటనే పరీక్ష అని పిలుచుకొనుచున్నాము.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని స్మరింపుడు. బ్రహ్మమును బోధింపుమని భృగువు తండ్రియైన వరుణుని ఆశ్రయించెను. తండ్రి లక్షణము చెప్పి, తపస్సుచే తెలిసికొనుమనెను. కుమారుడు తపించి, అన్నమే బ్రహ్మమని గ్రహించి తిరిగి వచ్చెను. పిమ్మట ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని గ్రహించి మరల మరల వచ్చెను. నాలుగు సమాధానములును అసంపూర్ణములే. వరుణుడు ఒక్కమారైనను 'నీవు తప్పితివి' అని వెలివేయలేదు. 'ఇది చాలును' అని ముందునకు నెట్టివేయనూ లేదు. మరల తపింపుమనెను. ఐదవమారు భృగువు ఆనందమును చేరెను.

మన విద్యాసంస్కరణ వాదములు వెలివేయుట, నెట్టివేయుట అను ఈ రెండు దోషముల మధ్యనే ఊగుచున్నవి. 8వ తరగతి పూర్తి అగువరకు ఏ బాలుని అదే తరగతిలో నిలుపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినది. 2019 నాటి సవరణ 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారిని నిలుపుటకు ప్రభుత్వములకు అవకాశము ఇచ్చినది. నిలుపవలెనా, పంపవలెనా అని నేటికీ వాదించుకొనుచున్నారు. తప్పిన బాలునకు అదనపు బోధన చేసి, రెండు నెలలలోపు మరల పరీక్ష జరుపవలెనని అదే సవరణలో ఉన్నది. దానిని చర్చించువారేరీ? వరుణుని ధర్మము ఆ నియమములోనే ఉన్నది. ఆ రెండు నెలలు బోధించు గురువు ఎవరు, అతనికి తీరిక ఎక్కడిది, అతని ఎదుట ఎందరు పిల్లలు అన్నదే అసలు ప్రశ్న.

'మన సంప్రదాయములోనూ వల్లెవేయుట లేదా?' అని పూర్వపక్షము. ఉన్నది. పదము, క్రమము, జట, ఘనము అని వేదమును కంఠస్థము చేసి రక్షించినవారు మన పూర్వులే. అర్థమెరుగక వేదమును మోయువానిని బరువు మోయు స్తంభముతో పోల్చిన యాస్కుడును మన పూర్వుడే. ధారణ విద్యకు ద్వారము. బాలుని ద్వారముననే నిలిపి తలుపు మూయుట విద్య కాదు.

'ప్రాచీన గురుకులములను పునరుద్ధరించిన చాలును' అని మరియొక వాదము. ఆ గురుకులముల ద్వారము అందరి బిడ్డలకు తెరచి ఉండలేదు. నేటి పాఠశాల ప్రతి బిడ్డకును హక్కు. అంతమంది భృగువులకు తగినంతమంది వరుణులను సమకూర్చుటయే నేటి యుగధర్మము.

ఇక భక్తులమైన మన మాట. బాసరలో అక్షరాభ్యాసము చేయించుదుము. హాల్‌టికెట్టును దేవుని పాదముల చెంత ఉంచుదుము. ఫలితముల దినమున మాత్రము మన బిడ్డను పొరుగింటి బిడ్డ మార్కులతో తూచుదుము. ఫలాసక్తి విడువుమన్న గీతను నిత్యము పారాయణ చేయు గృహములలోనూ ర్యాంకునకై ఇంత ఆరాటమేల? 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకొనిరి. అనుత్తీర్ణుల జవాబు పత్రములను తరువాత పునఃపరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. తప్పినది బాలుడా, చూచిన దృష్టియా?

పరీక్షలను రద్దు చేయుమనుట లేదు. ప్రతి పరీక్ష పిమ్మట 'నీకు ఏది అర్థము కాలేదు?' అని అడిగి, దానినే మరల బోధించు వ్యవస్థను పాలకుల నుండి కోరుదము. ఆ ప్రశ్ననే ఇంట మనమును అడుగుదము. అసంపూర్ణమైన సమాధానముతో తిరిగి వచ్చిన బిడ్డకు తలుపు తెరచి ఉంచుట వరుణుడు చూపిన పితృధర్మము.