షుగర్ పరిశోధనలో బడికీ ఒక కుర్చీ

హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ జాతీయ రహదారి మన బసవకళ్యాణ్ పక్కగానే సాగుతుంది. పిల్లల షుగర్ జబ్బుకు సంబంధించిన ఒక ముఖ్యమైన పరిశోధన ఈ రెండు నగరాలూ కలిసి చేసినదే. పుణెలోని కేఈఎం ఆసుపత్రి, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2020లో దాని ఫలితాలను వెల్లడించాయి.

వాళ్లు పరిశీలించిన ప్రశ్న చిన్నదే: రోగికి వచ్చింది టైప్-1 షుగరా, టైప్-2 షుగరా? టైప్-1లో శరీర రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే ప్రాణం నిలవదు. టైప్-2 పెద్దవయసులో, లావుగా ఉన్నవారికి వచ్చేదని అనుకుంటాం. కానీ మన దేశంలో అది తక్కువ వయసులో, సన్నగా ఉన్నవారిలోనూ కనిపిస్తోంది. కాబట్టి వయసు, బరువు చూసి రకం తేల్చడం కష్టం. ఇన్సులిన్ అవసరమైన బిడ్డకు మాత్రలు ఇచ్చి సరిపెడితే ముప్పే. యూరప్ ప్రజల సమాచారంతో రూపొందిన జన్యు పరీక్ష మనవారిలోనూ ఈ తేడాను పట్టగలదని, మన జన్యు తేడాలను కలుపుకుంటే ఇంకా మెరుగవుతుందని ఆ అధ్యయనం చూపింది. రోగులు ఒకచోట, ప్రయోగశాల మరోచోట ఉన్నప్పుడు కలిసి పనిచేయక తప్పదు.

చిత్తూరు వైపు తెలుగువారు ఎక్కువగా వెళ్లే వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా ఇదే బాట పట్టింది. పోషకాహార లోపంతో పెరిగి, బక్కచిక్కి, షుగర్ వచ్చినవారిని అమెరికాలోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలతో కలిసి పరిశీలించింది. వారి జబ్బు టైప్-1, టైప్-2 రెండింటికీ భిన్నమని 2022లో చూపింది. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని టైప్-5గా గుర్తించింది.

అసలు ఇన్సులిన్ కూడా ఉమ్మడి కృషి ఫలమే. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ ఫలించలేదు. బాంటింగ్, బెస్ట్ తీసిన మందును రసాయన శాస్త్రవేత్త కాలిప్ శుద్ధి చేశాకే, దాదాపు రెండు వారాల తర్వాత, ఆ అబ్బాయి కోలుకోవడం మొదలైంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. 25 ఏళ్లలోపు బయటపడే షుగరు వివరాలను నమోదు చేసే జాబితా 2006 నుంచే నడుస్తోంది. ఆ జాబితాలోకి ఎక్కాలంటే ముందు బిడ్డ జబ్బును ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. రోజంతా పిల్లల్ని చూసేది ఉపాధ్యాయులే. మాటిమాటికీ మూత్రానికి లేవడం, తీరని దాహం, నీరసం, ఉన్నట్టుండి చిక్కిపోవడం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్షకు పంపాలి. వాంతులు, ఆయాసం కూడా ఉంటే నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. బిడ్డ మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల టైప్-1 రాదు. సీబీఎస్ఈ 2025లో బడుల్లో పెట్టమన్న షుగర్ బోర్డులు మంచివే, కానీ అవి ఆ బిడ్డను వేలెత్తి చూపేలా మారకూడదు.

టైప్-1 ఉన్న పిల్లలు వైద్యుడి సలహా మేరకు తరగతిలో, పరీక్ష హాలులో రక్తపరీక్ష చేసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో చిరుతిండి తినడానికి అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. దీన్ని బడి ప్రారంభంలోనే తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడుకోవాలి.

ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, మందుల చీటీలో ఇంగ్లీషు ఉన్న మనకు భాష కూడా ఆరోగ్య విషయమే. పరిశోధనలో చేరమన్నప్పుడు ఆ వివరాలు మనకు అర్థమయ్యే భాషలోనే చెప్పాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు అంటున్నాయి. ఏడేళ్లు దాటిన బిడ్డ అంగీకారమూ అడగాలి. అర్థం కాని కాగితంపై సంతకం పెట్టక్కర్లేదు, తెలుగులో చెప్పమని అడగవచ్చు.

రకరకాల వృత్తులవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న అనుభవ మంటపం ఉన్న ఊరు మనది. వైద్యుడు, శాస్త్రవేత్త కూర్చునే చోట తల్లికీ, టీచరుకూ కుర్చీ వేయాలని అడగడం ఇక్కడ కొత్త మాటేమీ కాదు.